పాత బండికి తగిన చక్రమేది?

మంచేనహళ్ళి చుట్టుప్రక్కల మన తెలుగువారి ఇళ్ల ముందర ఒక చింతచెట్టో, కానుగచెట్టో ఉండడం వాడుక. ఆ చెట్టు నీడన ఒకప్పుడు ఎద్దుల బండి నిలిచేది. తరువాత కొన్ని ఇళ్లలో ఆ చోటికి జీపు వచ్చింది. మా ఇంటికీ అలాగే వచ్చింది. వెనుక తొట్టి కట్టించిన పాత మహీంద్రా జీపు అది. ఊళ్లోవాళ్లు "పికప్పు" అంటారు. మా అమ్మ మాత్రం నేటికీ "మన బండి" అనే అంటుంది.

మా నాయన కాలంలో కొన్న బండి. చిక్కబళ్ళాపురానికి కూరగాయలు, శిడ్లఘట్టకు పట్టుగూళ్లు, చింతామణికి టమాటాలు ఎన్నిసార్లు మోసిందో లెక్క లేదు. మా చెల్లెలిని అత్తవారింటికి బాగేపల్లికి తీసుకుపోయిందీ అదే. అందుచేత దానికి చక్రాలు మార్చవలసి వచ్చినప్పుడు అది మాకు అంగడి బేరంగా తోచలేదు. ఇంటి పెద్దకు కాలిజోడు కొనడం వలె తోచింది. కానీ కొనడంలో మేము పొరపాటు చేశాము. ఆ పొరపాటు వల్ల ఒక ప్రాణానికి గండం తప్పింది గనుక, ఆ సంగతి మన సంఘ కుటుంబాలవారికి చెప్పడం మంచిదనుకున్నాము. పాత జీపు, పాత పికప్పు చెట్టు క్రింద ఉంచుకున్నవారు మనలో ఇంకా చాలామంది ఉన్నారు కదా.

పట్టా నుంచి టైరు దాకా

బండి చక్రానికి కమ్మరి ఇనుప పట్టా వేయగా చూసినవారికి కొలత విలువ చెప్పనక్కరలేదు. పట్టాను చక్రం చుట్టుకొలతకన్న రవ్వంత తక్కువగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు. కాలిన ఇనుము సాగుతుంది. అప్పుడు చక్రానికి తొడిగి నీళ్లు పోస్తే బిగుసుకుంటుంది. కొలత ఎక్కువైతే పట్టా వదులై ఊడుతుంది. మరీ తక్కువైతే ఎక్కనే ఎక్కదు, ఎక్కినా పూటీలను, ఆకులను విరుస్తుంది. ఆ కమ్మరికి లెక్కల పుస్తకం లేదు గాని, చక్రానికీ పట్టాకూ ఉండవలసిన పొందిక బాగా తెలుసు.

రబ్బరు టైరులోనూ విషయం అంతే. 1888లో బెల్ఫాస్టు నగరంలో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రాల సైకిలుకు గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టి, గాలి టైరును వాడుకలోకి తెచ్చాడు. మన దేశంలో 1936లో డన్‌లప్ కంపెనీవారు బెంగాలులోని సహాగంజ్‌లో కర్మాగారం పెట్టారు. 1946లో మద్రాసులో బొమ్మ బుడగలు చేయడంతో మొదలైన చిన్న పరిశ్రమ తరువాత ఎం.ఆర్.ఎఫ్. అయి టైర్లకు పేరు పొందింది.

మన ప్రాంతంవారు మరచిపోకూడని మాట ఇంకొకటి ఉన్నది. చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1930లలోనే ఈ దేశంలో మోటారు బండ్ల కర్మాగారం ఉండాలని పట్టుబట్టి పథకం వేశారు. వారి ఇంటిపేరే చెబుతుంది, వారి పూర్వులు తెలుగు నేల నుంచి వచ్చినవారని. 1944లో వాల్‌చంద్ హీరాచంద్ ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించడానికి వెనుక విశ్వేశ్వరయ్యగారి ప్రోద్బలం ఉన్నది. 1940ల చివర మహీంద్రావారు విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చడం ఆరంభించారు. మన చెట్ల క్రింద నిలిచిన జీపులన్నీ ఆ వంశంలోవే.

టైరు మీది అక్షరాలు

టైరు పక్క మీద అచ్చైన అంకెలు చూసి భయపడనక్కరలేదు. అవి మూడు విధాలుగా ఉంటాయి.

పాత పద్ధతిలో "6.00-16" అని ఉంటుంది. టైరు అడ్డం 6 అంగుళాలు, అది కూర్చునే రిమ్ము వ్యాసం 16 అంగుళాలు అని అర్థం. విల్లీస్ జీపుకు మొదటి నుంచీ ఉన్న కొలత ఇదే. అమెరికాలో 1947లో వచ్చిన షెవ్రొలెట్ అరటన్ను పికప్పుకూ, 1948లో వచ్చిన ఫోర్డు ఎఫ్-1కూ ఇదే వరుస టైరు ఉండేది. ఈ పాత టైర్లలో ఎత్తు దాదాపు అడ్డంతో సమానం. అందుచేత సన్నగా, పొడుగుగా కనిపిస్తాయి.

కొత్త పద్ధతిలో "235/75 ఆర్ 15" అని ఉంటుంది. అడ్డం 235 మిల్లీమీటర్లు. టైరు ఎత్తు ఆ అడ్డంలో నూటికి 75 వంతులు. "ఆర్" అంటే రేడియల్. 15 అనేది రిమ్ము అంగుళాలు.

మూడవది "31 x 10.50 ఆర్ 15". ఇది అన్నిటికన్న సులువు. మొత్తం ఎత్తు 31 అంగుళాలు, అడ్డం పదిన్నర, రిమ్ము 15.

మొత్తం ఎత్తు తెలుసుకోవడానికి ఐదవ తరగతి లెక్క చాలు. 235లో నూటికి 75 అంటే 176 చిల్లర మిల్లీమీటర్లు. టైరు రిమ్ముకు పైనా ఉన్నది, క్రిందా ఉన్నది గనుక రెట్టింపు చేస్తే 352 చిల్లర. అంగుళానికి 25.4 మిల్లీమీటర్ల చొప్పున అది సుమారు 13.9 అంగుళాలు. దానికి రిమ్ము 15 కలిపితే 28.9 అంగుళాలు. మన 6.00-16 టైరు ఎత్తు సుమారు 28 అంగుళాలన్నర, తయారీని బట్టి కొంచెం మారుతుంది. అంటే పేర్లలో ఒక్క అంకె కలవకపోయినా ఈ రెండు టైర్లూ ఎత్తులో దాదాపు సమానం. అలాగే 6.50-16 సుమారు 29 అంగుళాలన్నర, 7.50-16 ఇంచుమించు 32 అంగుళాలు వస్తుంది. 215/75 ఆర్ 15 అయితే 27.7 అంగుళాలే.

ఈ ఎత్తు ఎందుకు ముఖ్యమంటే, చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి పోయే దూరం దానిని బట్టే ఉంటుంది. 28 అంగుళాలన్నర చక్రం ఒక చుట్టుకు 2.27 మీటర్లు పోతుంది. 31 అంగుళాలది 2.47 మీటర్లు పోతుంది. స్పీడు చూపే ముల్లుకు ఈ మార్పు తెలియదు. అది 60 అని చూపేటప్పుడు బండి 65 మీద పోతూ ఉంటుంది. ఎక్కుడులో లాగే బలం నూటికి సుమారు ఎనిమిది పాళ్లు తగ్గుతుంది. బ్రేకు వేసి ఆపాలన్నా అంతే, పాత డ్రమ్ము బ్రేకులు అంత అధికంగా శ్రమపడాలి. ఎత్తులో నూటికి మూడు పాళ్లు హెచ్చు తగ్గులైతే ఫరవాలేదని పనివాళ్ల లెక్క. ఆ పైన పోతే గేరు, బ్రేకు, ముల్లు అన్నీ చూసుకోవలసిందే.

మా పొరపాటు

ఈ లెక్క అప్పుడు మాకు తెలియదు. మా అన్నగారి కొడుకు బెంగుళూరులో ఉద్యోగం. సంక్రాంతికి వచ్చినప్పుడు, "తాత బండిని ఇట్లా వదిలేస్తారా చిన్నాయనా? నేను ముస్తాబు చేయిస్తా" అన్నాడు. పిల్లవాని ముచ్చట కాదనలేకపోయాము. మనవడు తాత బండిని మెచ్చుకోవడం కన్న మాకు కావలసిందేమి? నెల తిరగకుండా ఎనిమిదంగుళాల వెడల్పు రిమ్ములు, వాటి మీద 31 x 10.50 టైర్లు వచ్చాయి. బండి నిజంగానే పులిలా కనిపించింది. ఊరంతా వచ్చి చూశారు. ఫొటోలు తీసుకున్నారు.

పైన పటారం లోన లొటారం అని పెద్దలు ఊరికే అనలేదు. తిప్పుడు పట్టుకుంటే భుజాలు నొప్పి పుట్టేవి. ఎక్కుళ్లలో మూడో గేరులో పోయే బండి రెండులోకి దిగేది. పూర్తిగా తిప్పితే ఎడమ ముందు చక్రం లోపల దేనికో రాసుకున్నట్టు సర్రుమని చప్పుడు వచ్చేది. "కొత్త రబ్బరు కదా, అరిగితే సర్దుకుంటుంది" అని అమర్చినవారు అన్నారు. మేమూ సరే అనుకున్నాము.

ఆ వానకాలంలో అమ్మకు కన్ను చూపించి చిక్కబళ్ళాపురం నుంచి తిరిగి వస్తున్నాము. సన్నగా తుంపర. ఒక మలుపు దగ్గర గొర్రెల మంద అడ్డం వచ్చింది. బ్రేకు మీద కాలు పెడితే అడుగుదాకా దిగిపోయింది. పట్టు లేదు. టైరు ఇన్నాళ్లూ రాసుకున్నది బ్రేకు నూనె గొట్టానికి. అది అరిగి అరిగి ఆ క్షణాన తెగింది. ఆ కాలపు జీపులలో నాలుగు చక్రాల బ్రేకులకూ నూనె ఒకే దారిని పోతుంది. ఒకచోట తెగితే నాలుగూ పోయినట్టే. బండి నడుపుతున్నది మేమే. గేరు దించి, చేతి బ్రేకు లాగాము. జీపులో చేతి బ్రేకు చక్రాలకు కాక వెనుకకు శక్తి తీసుకుపోయే ఇరుసు కడ్డీకి పడుతుంది గనుక అది బ్రతికి ఉన్నది. బండి రోడ్డు దిగి రాగి చేలో నిలిచింది. గొర్రెకు గాని, మనిషికి గాని దెబ్బ తగలలేదు. అమ్మ కొంగు సరిచేసుకుని, "మీ నాయన ఉండుంటే ఈ చక్రాలు పెట్టనిచ్చేవాడా?" అన్నది. అంతే అన్నది. ఆ మాటకు ఈనాటికీ మా దగ్గర జవాబు లేదు.

మరునాడు బండిని ఒక వృద్ధ మేస్త్రీ దగ్గరకు ఈడ్పించాము. ఆయన చుట్టూ తిరిగి చూసి, "సామీ, గుర్రానికి ఏనుగు కాళ్లు తొడిగితే నడుస్తుందా?" అన్నాడు. తిట్టలేదు. కూర్చోబెట్టి ఒక్కొక్కటి చెప్పాడు. ఆ పైన మేమూ చదివి, కొలిచి తెలుసుకున్నాము. అదంతా ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందు రిమ్ము, తరువాత టైరు

చాలామంది టైరు చూసి మోజుపడి రిమ్ము వెదుకుతారు. అది తలక్రిందులు పద్ధతి. మొదట రిమ్ము వెడల్పు చూడాలి. జీపు అసలు రిమ్ము వెడల్పు నాలుగున్నర అంగుళాలే. దాని మీద 6.00-16 చక్కగా కూర్చుంటుంది. 235 టైరు ఎత్తుకు సరిపోయినా దానికి కనీసం ఆరంగుళాల రిమ్ము కావాలి. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కిస్తే నడుమ ఉబ్బి, నడిమి గీతలే అరిగి, మలుపులో పక్కకు ఊగుతుంది.

రెండవది బోల్టుల అమరిక. పాత జీపుకు అయిదు బోల్టులు. అవి నిలిచిన వలయం వ్యాసం అయిదున్నర అంగుళాలు, అంటే 139.7 మిల్లీమీటర్లు. కంటికి సరిపోయినట్టున్నా కొలిచి చూడాలి. కొన్ని పాత జీపులలో ఎడమ వైపు బోల్టులకు మర తిరుగుడు ఉంటుంది. అది తెలియక బలం పెట్టి విరగ్గొట్టినవారున్నారు. నట్లు వరుసగా కాక ఎదురెదురుగా బిగించాలి. కొత్తగా బిగించిన చక్రం వంద కిలోమీటర్లు తిరిగిన తరువాత మరల ఒకసారి బిగింపు చూడాలి.

మూడవది, చక్రం లోపలికి ఎంత ఉన్నది, బయటికి ఎంత వచ్చింది అన్నది. బయటికి చాచుకున్న రిమ్ము అందంగా ఉంటుంది గాని, బరువు బేరింగు మీద ఓరగా పడుతుంది. తిప్పుడు బరువెక్కుతుంది. లోపలికి చొచ్చితే స్ప్రింగుకో, బ్రేకు గొట్టానికో రాసుకుంటుంది. కాబట్టి కొనకముందే ఒక్క చక్రం తగిలించి, ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పి, తొట్టిలో నలుగురిని ఎక్కించి దించి చూడాలి. వ్రేలు దూరని సందు ఎక్కడైనా ఉంటే ఆ చక్రం మనది కాదు. మాకు ఈ పరీక్ష పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఎవరం పెట్టలేదు.

పాత రిమ్ములు రివెట్లు వేసినవైతే గాలి పట్టవు, లోపల ట్యూబు ఉండవలసిందే. రెండు ముక్కల రిమ్ములు, రింగు వేసి బిగించేవి కొన్ని ఉంటాయి. వాటిని గాలి పూర్తిగా తీయకుండా విప్పడం, పంజరం లేకుండా గాలి కొట్టడం ప్రాణాంతకం. ఆ పని తెలిసినవారికే వదలాలి.

ఎంత బరువుకు ఎంత టైరు

మనది షోకు బండి కాదు, మోసే బండి. కనుక బరువు మాట ముఖ్యం. మామూలుగా ఎక్కించే సరుకు ఎక్కించి వేబ్రిడ్జి మీదకు పోండి. ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒకసారి, వెనుక చక్రాలు మాత్రం ఎక్కించి ఒకసారి తూయించండి. వెనుక ఇరుసు మీద 1300 కిలోలు వచ్చిందనుకుందాము. ఒక్కొక్క టైరుకు 650 కిలోలు. టైరు పక్కన బరువు అంకె ఒకటి ఉంటుంది. 93 అంటే 650 కిలోలు, 97 అంటే 730, 100 అంటే 800. లెక్కకు 93 చాలు. కానీ తొట్టిలో సరుకు ఒక పక్కకు ఒరగవచ్చు, గుంతలో పడవచ్చు. 97కు తక్కువ తీసుకోకపోవడం వివేకం. పాత టైర్లకు ఈ అంకె బదులు "6 పి.ఆర్.", "8 పి.ఆర్." అని బలం చెబుతారు. అంకె పెరిగిన కొద్దీ ఎక్కువ గాలి, ఎక్కువ బరువు పడుతుంది.

టమాటా ధర బాగున్న రోజున ఇంకో పది పెట్టెలు వేద్దామనిపిస్తుంది. ఆ పది పెట్టెల లాభం ఒక్క టైరు పగిలితే పోతుంది. బండి బోల్తా పడితే పోయేది లాభం మాత్రమే కాదు.

నైలానా, రేడియలా?

నైలాను టైరు గట్టిది. రాళ్ల దారిలో పక్కలు త్వరగా కోసుకోవు, ధర తక్కువ, పాత రిమ్ముకు సహజంగా నప్పుతుంది. రేడియల్ మెత్తగా పోతుంది, తారు రోడ్డు మీద పట్టు ఎక్కువ, తక్కువ వేడెక్కుతుంది, ఎక్కువ దూరం వస్తుంది. పొలానికీ ఊరికీ మధ్య తిరిగే బండికి నైలాను చాలు. బెంగుళూరు దాకా పెద్ద రోడ్డున తరచు పోయేవారికి రేడియల్ మేలు. అయితే దానికి తగిన మంచి రిమ్ము కూడా కావాలి.

వెడల్పు సంగతీ అంతే. ఇసుకలో వెడల్పు టైరు తేలిపోతుంది. మన చెరువు మట్టి బురదలో సన్న టైరు కోసుకుపోయి క్రింది గట్టి నేలను పట్టుకుంటుంది. వెడల్పుది పైపైన జారుతుంది. మన నేలకు పూర్వులు సన్న చక్రం వాడింది తెలియక కాదు.

రెండు రకాలను ఒకే ఇరుసుకు కలపరాదు. నాలుగు చక్రాలకూ శక్తి పోయే జీపులో నాలుగు టైర్లూ ఒకే కొలతవి కావాలి. ముందొకటి వెనకొకటి అయితే నాలుగు చక్రాల గేరు వేసినప్పుడు లోపలి పళ్లు ఒకదానితో ఒకటి పోరాడి అరుగుతాయి.

వయస్సు, గాలి, చట్టం

టైరుకు గీతలున్నాయి కదా అని మోసపోకూడదు. రబ్బరుకు ముసలితనం ఉన్నది. పక్కన నాలుగంకెల ముద్ర చూడండి. "2319" అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో చేసినదని అర్థం. చెట్టు క్రింద కదలకుండా నిలిచిన బండి టైర్లు ఎండకు పగుళ్లు తీస్తాయి. గీతల మధ్య చిన్న దిమ్మెలుంటాయి. అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తువి. గీత అరిగి వాటితో సమానమైతే టైరు ఆయువు తీరినట్టే.

గాలి ఎంతో సందేహమైతే టైరు అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి, సరుకుతో కొంచెం దూరం నడపండి. సుద్ద నడుమ మాత్రం చెరిగితే గాలి ఎక్కువ. అంచులు మాత్రం చెరిగితే తక్కువ. సమంగా చెరిగితే సరి. కానీ టైరు మీద అచ్చైన గరిష్ఠం దాటకూడదు.

ఇక చట్టం మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిని తయారీ వివరాలకు భిన్నంగా మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే గట్టిగా చెప్పింది. ఎఫ్.సి.కి పోయినప్పుడు చూపవలసింది కంపెనీ చెప్పిన కొలతనే. 2021లో వచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని "వింటేజి"గా నమోదు చేయించుకోవచ్చు. అయితే అలా చేయిస్తే దానిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకుపోవచ్చు గాని, సరుకు మోయించడానికి, రోజువారీ తిప్పడానికి వీలు లేదు. మోసే బండిగా ఉంచుకోవాలా, చూసే బండిగా ఉంచుకోవాలా అన్నది ఇంటివారు ముందే తేల్చుకోవాలి.

చివరకు మేము చేసింది

మా ఇంట్లోనూ ఆ చర్చ జరిగింది. అమ్మేద్దామని ఒకరు, చూపుకు ఉంచుదామని ఒకరు. అమ్మ ఒప్పుకోలేదు. "నడవని బండి ఇంట్లో ఎందుకు?" అన్నది. కొట్టంలో మూలనున్న పాత నాలుగున్నర అంగుళాల రిమ్ములను వెలికి తీశాము. తుప్పు గీకి, నిటారు చూసి, రంగు వేయించాము. ఒకటి పగిలి ఉంటే దానికి జత బెంగుళూరు జె.సి. రోడ్డులో వెదకి తెచ్చాము. వాటి మీద 6.00-16 నైలాను టైర్లు, కొత్త ట్యూబులు, అయిదవది స్టెప్నీకి. బ్రేకు గొట్టాలన్నీ కొత్తవి. పులివంటి చక్రాలను సగం ధరకు అమ్మివేశాము. పిల్లవాడు మొదట చిన్నబుచ్చుకున్నాడు. తరువాత టేపు పట్టుకుని అన్నిటినీ తానే కొలిచి, లెక్క వేసి, ఒక కాగితం వ్రాసి ముందు అద్దం క్రింద అంటించాడు. టైరు కొలత, గాలి, బరువు హద్దు, చేసిన తేదీ అన్నీ అందులో ఉన్నాయి. బండిని ముస్తాబు చేస్తానన్న మాట వాడు అలా చెల్లించుకున్నాడు.

మొన్న ఉగాదికి అమ్మను కూర్చోబెట్టుకుని వాడే చిక్కబళ్ళాపురం దాకా పోయి వచ్చాడు. ఎక్కుడులో మూడో గేరులోనే పోయిందట. దిగుతూ అమ్మ చక్రం మీద చెయ్యి వేసి, "ఇప్పుడిది మన బండి" అన్నది.

మన కుటుంబాలలో ఎవరైనా పాత బండికి కొత్త చక్రాలు వేయదలిస్తే, అంగడికి పోయే ముందు ఒక టేపు, ఒక సుద్దముక్క, వేబ్రిడ్జి చీటీ దగ్గర పెట్టుకోవలసిందని మా మనవి.